కాఫుండా దగ్గర ఆగని పడవ

మసోజి మ్హాంగో మా బడిలో ఇంగ్లీషు చెప్పేది, నేను లెక్కలు చెప్పేదాన్ని. మా రెండు తరగతులకీ మధ్య గోడ సగం ఎత్తు లేచి ఆగిపోయింది. అందుకని ఆమె పాఠం నాకూ, నా కేకలు ఆమెకూ వినబడుతూ ఉండేవి. ఆమె గొంతు పెంచే మనిషి కాదు. పిల్లవాడు తప్పు మాట అంటే ఆ మాటను అలాగే తిరిగి అని, వాడే సర్దుకునేదాకా ఆగేది.

పుట్టింది కాఫుండాలో. కొండ నిటారుగా సరస్సులోకి దిగిపోయే మా ఒడ్డున, మా ఊరు లువుచికి ఉత్తరంగా, నల్లరాళ్ల వెనక దాక్కున్నట్టు ఉండే చిన్న పల్లె అది. ఆమె కడుపులో ఉండగానే తండ్రి సరస్సులో పోయాడు. అందుకే కన్నీళ్లు అనే అర్థం వచ్చే ఆ పేరు పెట్టారు. ఆమెను పెంచింది తల్లికన్నా ఎక్కువగా అక్క తియెజ్గే. చేపలు ఎండబెట్టి అమ్మి చెల్లెల్ని టీచరు శిక్షణదాకా చదివించింది. ఆ సంగతి తాను ఎప్పుడూ మరిచిపోలేదు, చెల్లెల్నీ మరిచిపోనివ్వలేదు.

మాకు రోడ్డు లేదు. ఇప్పటికీ లేదు. ఆస్పత్రికైనా, సంతకైనా, కోర్టుకైనా ఎన్‌ఖటా బే పోవాలి. పోవాలంటే నీళ్లే దారి. దక్షిణం నుంచి వీచే మ్వేరా గాలి లేచిందంటే దోనెలన్నీ ఒడ్డున బోర్లా పడి ఉండవలసిందే, ఇంట్లో పురిటి నొప్పులు పడుతున్న మనిషి ఉన్నా సరే.

మా ప్రభుత్వానికీ బయటి దేశాలకీ కుదిరిన ఒప్పందం ఏదైనా మా ఒడ్డుదాకా వచ్చినప్పుడు జిల్లా ఆఫీసువాళ్లు మసోజిని పిలిపించేవారు. వచ్చినవాళ్ల ఇంగ్లీషు మా భాషలోకి, మా మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పడం ఆమె పని. దాన్నే మేం మాట మార్చడం అంటాం. ఆ పూటకు భోజనం పెట్టేవారు. "నీ నోరు అద్దెకిచ్చి కోడికూర తింటున్నావు," అని భర్త యోబె ఏడిపించేవాడు. అతనిది లువుచి రేవులో కిరాణా కొట్టు.

ఆ ఏడు ఉత్తరాది దేశం ఒకటి మా చేపల వ్యాపారానికి సాయం చేస్తామని రాజధాని లిలాంగ్వేలో సంతకాలు చేసింది. మేం దాన్ని మంచు దేశం అనేవాళ్లం. ఆ దేశపు రాయబారి మారిట్ స్వయంగా చూడటానికి వచ్చింది. పొడుగాటి మనిషి. చెప్పులు చేత పట్టుకుని మోకాలిలోతు నీళ్లలోకి దిగి ఒడ్డుకు నడిచి వచ్చింది. వెంట మా విదేశాంగ శాఖ అధికారి కలాంబో. అంత ఎండలోనూ ఆయన టై వదులు చేయలేదు.

సభ చర్చి వరండాలో. మొదలవకముందే కలాంబో మసోజిని పక్కకు పిలిచాడు.

"చూడమ్మా, మీ ఊరి పెద్దాయన నోరు సంగతి నేను విన్నాను. ఆయన ఏమన్నా సరే, నువ్వు మాత్రం మర్యాదగా చెప్పు. మొదట ధన్యవాదాలు, చివర ధన్యవాదాలు. మధ్యలో ఏముందో ఎవరూ పట్టించుకోరు."

ఆమె వెళ్లి వరండా మధ్య నిలబడింది.

మారిట్ లేచి మాట్లాడింది. ఊళ్లో పాడుబడిన ఐసు గిడ్డంగిని బాగుచేస్తామని, దాని పక్కన ఇంకొకటి కడతామని, చేప చెడిపోకుండా ఉంటే మంచి ధర వస్తుందని చెప్పింది. మసోజి అదంతా మా భాషలో చెప్పింది. లువుచి పెద్ద, ముసలి చివాంబో, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని చివరిదాకా విన్నాడు. అప్పుడు లేచాడు.

"అమ్మా, నీకు దండం. మా చేపలకి చలి పెట్టించాలని మీ దేశాలకెందుకింత పంతం? ఇంతకుముందు ఇంకో దేశంవాళ్లొచ్చి ఆ ఐసు కొట్టు కట్టారు. దానికి డీజిలు రావడం మానేసింది. ఇప్పుడందులో మా మేకలు పడుకుంటున్నాయి. మేకలైతే వాళ్లని రోజూ దీవిస్తున్నాయిలే. మా ఉసిపా చేప వేలెడుంటుంది. తడిక మీద పోస్తే ఎండకి అదే ఎండుతుంది. ఎండిందాన్ని బజారుకి మొయ్యడానికి పడవ లేదు. మనిషికి జబ్బు చేస్తే మొయ్యడానికి పడవ లేదు. చలి దేశంవాళ్లు గనక చలే పంచుతానంటే ఎలా తల్లీ? మాకు పడవ కావాలి."

వరండా అంతా గొల్లుమంది. కలాంబో మొహం మీద చిరునవ్వు చెదరనివ్వకుండానే, "ధన్యవాదాలు చెబుతున్నారు అను," అన్నాడు మసోజితో.

ఆమె చివాంబో వైపు తిరిగింది. "తాతా, ఇది ఇలాగే చెప్పనా?"

"మరెలా చెబుతావే? నా మాట నీ నోట్లో పడి మారిపోయేటట్టయితే నేను లేచి నిలబడ్డం దేనికి? మోకాళ్ల నొప్పులు తెచ్చుకోడానికా?"

ఆమె చెప్పింది. మేకలతో సహా చెప్పింది. బడిలో నేను రోజూ వినే గొంతే, అంతే నెమ్మది.

మారిట్ మొహం ఎర్రబడింది. తర్వాత, "ఆ మేకలను చూడవచ్చా?" అని అడిగింది. అందరం లేచి వెళ్లి చూశాం. తిరిగి వచ్చి కూర్చున్నాక ఆమె మెల్లగా అంది.

"మేం సంతకం చేసింది చేపల గురించి. అందులో పడవ లేదు. ఇస్తానని చెప్పే అధికారం నాకు లేదు కాబట్టి చెప్పను. మీరన్న మాట మాత్రం మావాళ్ల దగ్గరికి మోసుకెళతాను."

మసోజి దాన్నీ అలాగే చెప్పింది. జనం మొహాలు వాడిపోయాయి. వెనకనుంచి ఒక ఆడమనిషి, "మాటలు మొయ్యడం తేలికే. ఎండుచేపల బస్తా అయితే తెలిసేది," అంది. మసోజి అదీ వదల్లేదు. ఈసారి మారిట్ నవ్వింది.

బయల్దేరేముందు రేవులో కలాంబో ఆమెతో అన్న మాటలు నేను పక్కనుండి విన్నాను. ఆయన అరవలేదు. బాగా అలిసిపోయినట్టున్నాడు.

"రేపు నువ్వు బడికెళ్లి పాఠం చెప్పుకుంటావు. నేను రేపు ఆవిడ ఎదురుగా కూర్చుని రాబోయే సంవత్సరం సాయం గురించి అడగాలి. వాళ్లు చిన్నబుచ్చుకుని వెళ్లిపోతే నేనెవరి గుమ్మం ఎక్కాలి? మాట మెత్తబరిస్తే అది అబద్ధమని నువ్వనుకుంటున్నావు. నా ఉద్యోగమే అది తల్లీ."

"మీ ఉద్యోగం మీది సార్. నన్ను పిలిచింది తాత ఏమన్నాడో చెప్పడానికి అనుకున్నాను."

"అందుకే ఇకమీదట పిలవం," అన్నాడు.

పిలవలేదు కూడా. రెండు వానాకాలాలు గడిచిపోయాయి. ఆ మధ్యలో సభలు జరిగినప్పుడు పట్నం నుంచి ఎవరో కుర్రవాణ్ణి తెచ్చుకున్నారు. యోబె, "కోడికూర పోయిందే," అని నిట్టూర్చేవాడు. మసోజి పైకి నవ్వేదిగాని ఆమెకు బాధగానే ఉండేది. "నాకా పని ఇష్టం," అని నాతో ఒకసారి అంది. "ఇటువాళ్లన్నది అటువాళ్లకి ఎక్కిన క్షణాన మొహాలు మారతాయి చూడు, అది చూడ్డం ఇష్టం."

ఒక మధ్యాహ్నం యోబె బడిదాకా పరుగెత్తుకొచ్చి ఫోను మసోజి చేతిలో పెట్టాడు. అవతల కలాంబో.

"మీ పడవ సంగతి బల్ల మీదికొచ్చింది. మంచు దేశంవాళ్లు ఊరి మనిషి కూడా ఉండాలంటున్నారు. చివాంబోగారు వస్తారట, మాట మార్చడానికి నువ్వే కావాలట. నిజం చెప్పాలంటే నేనూ నీ పేరే అన్నాను."

"నేను మెత్తబరచలేను సార్."

"తెలుసు. ఈసారి అటువాళ్లే మెత్తమెత్తగా మాట్లాడతారు. అందులో గట్టిదెంతో తాతకి తెలియాలి. రా."

లిలాంగ్వేలో ఆ గది చల్లదనానికి చివాంబో కోటు మీద, మా ఆడవాళ్లు నడుముకు చుట్టుకునే చితెంజే గుడ్డ కప్పుకుని కూర్చున్నాడట. మాటలు పొద్దున మొదలై సాయంత్రందాకా నడిచాయి. ఆ రోజు కలాంబోని చూస్తే వేరే మనిషిని చూసినట్టే ఉందని మసోజి తర్వాత నాతో చెప్పింది. అవతలివాళ్లు పడవ ఇస్తాం, డీజిలు ఖర్చు మాత్రం మొదటినుంచీ మీదే అన్నారు. కలాంబో నవ్వుతూనే, "డీజిలు లేని పడవలో కూడా మేకలే పడుకుంటాయి. అవి మిమ్మల్ని కూడా దీవిస్తాయి," అన్నాడు. మారిట్ కాగితాల మీదినుంచి తలెత్తి చూసింది. తమ పార్లమెంటుకు తాను జవాబు చెప్పుకోవాలని, ఎప్పటికీ ఖర్చు పెడతామని రాసిస్తే అక్కడ ఒప్పుకోరని దాచకుండా చెప్పింది. చివరికి మొదట్లో వాళ్లు భరించాలని, ఏడాదికి కొంత చొప్పున మా ప్రభుత్వం ఆ బరువు తన మీదికి తీసుకోవాలని, నడిపేవాళ్లు మా ఒడ్డువాళ్లే అయి ఉండాలని కుదిరింది.

అప్పుడు మంచు దేశపు ఇంజినీరు లేచి గోడ మీది పటంలో పడవ ఆగే చోట్లు చూపించాడు. మూడు. కాఫుండా వాటిలో లేదు. అక్కడ రాళ్ల మధ్య రేవు కట్టాలంటే పడవకయ్యేంత ఖర్చు రేవుకే అవుతుందన్నాడు. ఆ మాట మా భాషలో చెప్పవలసింది మసోజి. చెప్పింది. చివాంబో, "పాపం కాఫుండా," అని ఆమెవైపు ఒకసారి చూసి, తల ఊపాడు. ఆయన ఊరు పటంలో ఉంది మరి.

టీ తాగడానికి లేచినప్పుడు ఆమె కలాంబో దగ్గరికి వెళ్లింది.

"సార్, లోపల నా నోరు నాది కాదు. ఇక్కడ ఒక మాట అడగొచ్చా? నేను పుట్టింది కాఫుండాలో."

ఆయన కప్పు కింద పెట్టాడు. "ఇంతసేపూ చెప్పలేదేం?" అని, తానే మారిట్ దగ్గరికి తీసుకెళ్లాడు. మారిట్ ఓపికగా వింది. ఇంజినీరు లెక్కను తాను కాదనలేనని, పడవ నడిచిన ఏడాదికి అందరం మళ్లీ కూర్చుని చూద్దామని అంది. అంతకుమించి మాట ఇవ్వలేదు.

ఒప్పందం గురించి ఊరూరికీ వెళ్లి చెప్పే పనీ మసోజి మీదే పడింది. కాఫుండాకు నేనూ తోడు వెళ్లాను. చేపల తడికల దగ్గర ఆడవాళ్లంతా గుమిగూడారు. తియెజ్గే ముందు నిలబడింది, నడుముకు చేపల వాసన వేసే గుడ్డ బిగించుకుని.

"పడవ మూడు చోట్ల ఆగుతుంది," అంది మసోజి. "కాఫుండాలో ఆగదు. రాళ్ల వల్ల."

"ఆగదని ఎవరన్నారు?" అంది తియెజ్గే.

"ఒప్పందంలో అలా కుదిరింది అక్కా."

"కుదిరినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"అక్కడే ఉన్నాను."

"అక్కడే కూర్చుని, పుట్టినూరి పేరు కొట్టేస్తుంటే, దాన్ని నువ్వే మన మాటల్లో చెప్పావా?"

"చెప్పాను. తర్వాత టీ దగ్గర అడిగాను కూడా. ఏడాదయ్యాక చూద్దామన్నారు."

"టీ దగ్గర అడిగావా! బిస్కట్లు బాగున్నాయా? నా చేతులు చూడవే. ఈ చేతులతో నిన్ను చదివించింది వాళ్ల మాట తెచ్చి నా మొహాన కొట్టడానికా? పో. నీ ఊరు లువుచి. అక్కడ ఆగుతుందిగా, పోయి ఎక్కు."

దోనెలో తిరిగి వస్తూ నేను ఉండబట్టలేక, "ఆగినా ఆగొచ్చు అని ఒక్క మాట అంటే ఏం పోయేది?" అన్నాను. మసోజి నీళ్లలో చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "ఆగొచ్చంటే ఎదురుచూస్తారు," అంది. "కడుపుతో ఉన్న పిల్లని రాళ్ల మీద కూర్చోబెట్టుకుని ఎదురుచూస్తారు."

అక్క మాట మానేసింది. మసోజి పంపిన పంచదార తిరిగి వచ్చింది. ఆదివారాలు తానే వెళ్తే తియెజ్గే గుమ్మంలో కోడితో మాట్లాడేది: "ఏమే కోడీ, ఎవరో పెద్దవాళ్లొచ్చినట్టున్నారు, మన గుడిసెలో కుర్చీ లేదని చెప్పు." మసోజి అక్కడే నేల మీద కూర్చుని, కాసేపుండి, లేచి వచ్చేది. మళ్లీ ఆదివారం వెళ్లేది.

పడవ వచ్చిన రోజున లువుచి అంతా రేవులోనే ఉంది. డప్పులు, పాటలు, చివాంబో కర్ర పైకెత్తి రెండడుగులు ఆడటం, అన్నీ అయ్యాయి. మొదటి ప్రయాణంలో నేనూ, మసోజీ ఎక్కాం. కాఫుండా ఎదురుగా వచ్చేసరికి రాళ్ల మీద ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. పడవ దగ్గరికి రాగానే అందరూ ఒక్కసారే వెనక్కి తిరిగి మాకు వీపులు చూపించారు. పడవలో పాడుతున్నవాళ్లు పాట ఆపేశారు. మసోజి అటువైపు అంచునే నిలబడి, రాళ్లు కనబడకుండా పోయేదాకా చూసింది.

ఆ ఏడాదిలో పడవ చేసిన మేలు తక్కువేమీ కాదు. మా హెడ్మాస్టరు కోడలు మ్వేరా గాలిలోనే ఆస్పత్రికి చేరి కవలలను కంది. ఎండుచేపలు పాడవకముందే సంతకు చేరాయి. కాఫుండావాళ్లు మాత్రం కొండ అంచున బస్తాలు నెత్తిన పెట్టుకుని లువుచిదాకా నడిచి వచ్చి ఎక్కేవారు.

ఏడాది నిండాక మారిట్, కలాంబో వచ్చారు. కాఫుండా కూడా చూడాలని మారిట్ పట్టుబట్టింది. పడవను రాళ్లకు అవతల నిలిపి, దోనెలో ఒడ్డుకు చేరారు. సభలో తియెజ్గే లేచింది. చెల్లెలి తల మీదుగా చూస్తూ, "ఇక్కడ మాట మార్చేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పమనండి," అని మొదలుపెట్టింది.

"అమ్మా, రాళ్లున్న మాట నిజమే. మీ ఇంజినీరు అబద్ధం చెప్పలేదు. మేం రేవు కట్టమని అడగట్లేదు. ఇందాక మీకోసం ఆగింది చూడండి, అక్కడే, అలాగే, మాకోసం కూడా కాసేపు ఇంజను ఆపమనండి. మేమే దోనెల్లో వచ్చి ఎక్కుతాం."

మసోజి చెప్పింది. కలాంబో తల అడ్డంగా ఊపాడు. "అక్కా, ఇవాళ నీళ్లు పడుకుని ఉన్నాయి. అల లేచిన రోజు సన్నటి దోనెలోంచి పెద్ద పడవలోకి ఒక ముసలమ్మని ఎక్కించగలవా? ఒక్కరు మునిగితే ఈ ఒప్పందమంతా మునుగుతుంది."

తియెజ్గే ఆలోచించింది. "అదీ నిజమే," అంది. వెనక మగవాళ్లతో ఏదో మాట్లాడి మళ్లీ ఇటు తిరిగింది. "వెడల్పు పడవ మేమే కట్టుకుంటాం. పది మంది కూర్చున్నా ఒరగనిది."

"తేలే చొక్కాలు మేం ఇస్తాం," అంది మారిట్.

"గాలి ఉన్న రోజు ఆగాలో వద్దో కెప్టెన్ ఇష్టం," అన్నాడు కలాంబో. "ఆయన ఆగకపోతే గొడవ చేయకూడదు."

"తిట్టుకోవచ్చా?"

"అది మీ ఇష్టం."

జనం నవ్వారు. తియెజ్గే కూర్చోలేదు. "ఇంకో మాట ఉంది. ఇది కూడా ఆ అమ్మకి చెప్పమనండి. ఈ మాట మార్చే మనిషి నా చెల్లెలు. మొండి ఘటం. నా ఇంట్లో నేల మీద ఏడాదిపాటు కూర్చుని వెళ్లింది, ఒక్కసారైనా తాను తప్పుచేశానని అనలేదు. దాని మీద కోపం సగం పోయింది. తక్కిన సగం ఉంచుకుంటాను. అక్కని కదా."

మసోజి లేచి నిలబడి, ఒక్కో ముక్కా ఇంగ్లీషులో చెప్పింది, అక్క నోటితోనే అన్నట్టు: ఈమె నా చెల్లెలు. అక్కడ ఒకసారి అక్క వైపు తిరిగింది. మిగతాది మామూలుగానే చెప్పి ముగించింది.

"అంతా ఉన్నదున్నట్టే చెప్పావా?" అని అడిగింది మారిట్.

"ఒక్క తిట్టు వదిలేశాను మేడమ్. దానికి మీ భాషలో మాట లేదు."

కలాంబో పగలబడి నవ్వాడు. ఆయన అలా నవ్వడం మేం చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

ఒప్పందంలో ఒక వాక్యం కలిసింది. కాఫుండా మగవాళ్లు కొండమీది పెద్ద మాను ఒకటి కొట్టి ఎండాకాలమంతా పని చేసి వెడల్పు పడవ కట్టారు. మొదటిరోజు తియెజ్గే నారింజరంగు తేలే చొక్కా తొడుక్కుని, బస్తా ఒళ్లో పెట్టుకుని, తెడ్లు వేసేవాళ్లను తిడుతూ వచ్చి ఎక్కింది. ఎక్కి, చెల్లెలి పక్కన చోటున్నా ఎదురుగా కూర్చుంది. కొంచెంసేపటికి వేయించిన ఉసిపా పొట్లం విప్పి, "తిను," అంది.

అన్నీ కుదిరిపోయాయని చెప్పను. డీజిలు ఖర్చు మా ప్రభుత్వం మీదికి పూర్తిగా వచ్చాక అప్పుడప్పుడు కొన్నాళ్లు పడవ రేవులోనే ఉండిపోతుంది. అప్పుడు జిల్లా ఆఫీసుకి అందరం వెళ్లి కూర్చుంటాం. మళ్లీ నడుస్తుంది. మారిట్ తన దేశానికి వెళ్లిపోయింది. కలాంబో రిటైరై దక్షిణాన తన ఊళ్లో మామిడితోట చూసుకుంటున్నాడు. మసోజి కూడా బడినుంచి దిగిపోయింది, కానీ మాట మార్చడానికి పిలిస్తే ఇప్పటికీ వెళ్తుంది.

ఈమధ్య తియెజ్గేకి చూపు మసకబారింది. ఇద్దరూ పడవలో ఎన్‌ఖటా బే వెళ్లారు. కంటి ఆపరేషన్లు చేయడానికి పరాయి దేశం నుంచి వచ్చిన డాక్టరు ఉన్నాడు అక్కడ. ఆయన అన్నది మసోజి అక్కకి అలాగే చెప్పింది: కొంచెం నొప్పి ఉంటుంది, చూపు పూర్తిగా రాకపోవచ్చు, చేయించుకోకపోతే ఉన్నదీ పోతుంది. తియెజ్గే, "చేయమను," అంది.

మర్నాడు కట్టు విప్పారు. తియెజ్గే కళ్లు చికిలించి గది చూసింది, కిటికీ చూసింది, ఎదురుగా వంగి చూస్తున్న చెల్లెల్ని చూసింది.

"అయ్యో," అంది. "ఎంత ముసలిదానివైపోయావే!"